కృత్రిమ మేధ, ఆన్‌లైన్ భద్రత: పార్లమెంటులో ఏ మార్గం ఎంచుకోవాలి?

పిల్లల ఫోన్లలో కనిపిస్తున్న అశ్లీల దృశ్యాలను చూసి కలవరపడుతున్న తల్లిదండ్రుల సంఘం కావచ్చు, డీప్‌ఫేక్ వీడియోల బారిన పడిన మహిళల తరఫున పోరాడుతున్న న్యాయవాదులు కావచ్చు, రుణ దరఖాస్తును సాఫ్ట్‌వేరే తిరస్కరించిందని, కారణం చెప్పే మనిషే లేడని బాధపడుతున్న ఖాతాదారులు కావచ్చు, తమ ఎంపీని కలిసినప్పుడు సాధారణంగా అడిగేది ఒక్కటే: ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తండి. ఎంపీ సరేనంటారు, వీలు చూసుకుని జీరో అవర్‌లో రెండు నిమిషాలు మాట్లాడతారు, ఆ క్లిప్పు అందరి ఫోన్లకూ చేరుతుంది. ఆ తర్వాత ఏమీ జరగదు. జీరో అవర్‌లో లేవనెత్తిన అంశానికి మంత్రి అక్కడికక్కడే సమాధానం చెప్పి తీరాలన్న నియమం లేదు కనుక, ఏమీ జరగకపోవడంలో ఆశ్చర్యమూ లేదు.

పార్లమెంటులో ఒక్కో పనికి ఒక్కో సాధనం ఉంది. కృత్రిమ మేధ నియంత్రణ, ఆన్‌లైన్ భద్రత విషయాల్లో ఏ సాధనం ఏ పనికి వస్తుందో, దేనికి ఎంత సమయం పడుతుందో, ఏది ఎక్కడ తడబడుతుందో పోల్చి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది, రాజ్యసభకు 18 మంది ఎన్నికవుతారు. ఈ 60 మందిలో ఎవరి దగ్గరకు వెళ్లినా, చేతిలో సరైన కాగితం ఉంటే ఫలితం వేరుగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. ఫొటో మార్ఫింగ్, డబ్బు పోగొట్టుకోవడం వంటి తక్షణ కష్టానికి పార్లమెంటు దారి చూపలేదు. అందుకు 1930 హెల్ప్‌లైన్, జాతీయ సైబర్ నేరాల పోర్టల్, ఆ సామాజిక మాధ్యమం ఫిర్యాదులు చూసేందుకు నియమించిన గ్రీవెన్స్ అధికారి ఉన్నారు. ఆ అధికారి నిర్ణయం న్యాయంగా లేదనిపిస్తే 2023 జనవరిలో ఏర్పాటైన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీలకు వెళ్లవచ్చు. ఒకరి కష్టం వెనుక ఉన్న విధానపు లోపాన్ని సరిచేయించాలనుకున్నప్పుడే ఇక్కడ చెప్పే మార్గాలు అక్కరకొస్తాయి.

అధికారం ఎక్కడుందో ముందు చూడాలి

మనల్ని ఇబ్బంది పెడుతున్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా మార్గం ఎంచుకోవడం, రోగం తెలియకుండా మందు కొనడం వంటిది. మన దేశంలో ఆన్‌లైన్ వ్యవహారాలకు ప్రధాన ఆధారం 2000 నాటి ఐటీ చట్టం. ఆ చట్టంలోని 79వ సెక్షన్, తగిన జాగ్రత్తలు పాటించే మధ్యవర్తి సంస్థలకు, అంటే సామాజిక మాధ్యమాలు, సెర్చ్ ఇంజన్ల వంటి వాటికి, ఇతరులు పెట్టిన సమాచారం విషయంలో రక్షణ కల్పిస్తుంది. ఆ జాగ్రత్తలు ఏమిటో నిర్దేశించే పనిని మాత్రం కేంద్ర ప్రభుత్వానికి అప్పగించింది. అందుకే అసలు వ్యవహారమంతా నిబంధనల్లోనే నడిచింది. 2011 ఏప్రిల్‌లో ఒకసారి నిబంధనలు వచ్చాయి. 2021 ఫిబ్రవరి 25న వాటి స్థానంలో మరింత విస్తృతమైనవి వచ్చాయి. వాటికి 2022 అక్టోబరులోనూ 2023 ఏప్రిల్‌లోనూ సవరణలు జరిగాయి. కృత్రిమ మేధతో తయారైన దృశ్యాలకు లేబుల్ తప్పనిసరి చేయాలన్న ముసాయిదాను 2025 అక్టోబరు 22న విడుదల చేసి, 2026 ఫిబ్రవరిలో తుది నిబంధనలను గెజిట్‌లో ప్రకటించారు. ఇన్ని మార్పుల్లో ఒక్కదానికి కూడా పార్లమెంటులో బిల్లు అవసరం కాలేదు.

కృత్రిమ మేధ దగ్గరకు వచ్చేసరికి అధికారం ఇంకో మెట్టు కిందికి దిగింది. కృత్రిమ మేధ ఎదుగుదలను నియంత్రించడానికి చట్టం తెచ్చే ఆలోచన లేదని 2023 ఏప్రిల్‌లో ఐటీ మంత్రిత్వ శాఖ లోక్‌సభకు రాతపూర్వకంగా తెలిపింది. ఏడాది తిరగకముందే, 2024 మార్చి 1న, పరీక్షలు పూర్తికాని కృత్రిమ మేధ నమూనాలను దేశంలో అందుబాటులోకి తేవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని అదే శాఖ ఒక సలహా పత్రం జారీ చేసింది. విమర్శలు రావడంతో రెండు వారాలకే, మార్చి 15న, అనుమతి షరతును తొలగిస్తూ మరో పత్రం ఇచ్చింది. 2025 నవంబరులో విడుదలైన కృత్రిమ మేధ పాలనా మార్గదర్శకాలు కూడా ప్రత్యేక చట్టం ఇప్పుడే అవసరం లేదని, ఉన్న చట్టాలతోనే ముందుకు సాగవచ్చని చెప్పాయి.

కనుక మన ముందు మూడు అంతస్తులున్నాయి. చట్టాన్ని ఉభయ సభలు చేస్తాయి. నిబంధన అమల్లోకి వచ్చాక సభల ముందుకు వస్తుంది. సలహా పత్రం సభల ముందుకు రానే రాదు. ప్రజా సంఘాల శ్రమ చాలావరకు "కొత్త చట్టం చేయండి" అనే కోరిక మీదే ఖర్చవుతోందని, నిర్ణయాలు మాత్రం కింది రెండు అంతస్తుల్లో జరిగిపోతున్నాయని నా ఆవేదన.

విషయం అసలు పార్లమెంటుదేనా అన్నది కూడా చూసుకోవాలి. తెలంగాణలో వివిధ శాఖల సమాచారాన్ని కలిపి లబ్ధిదారుల అర్హతను అంచనా వేసే సమగ్ర వేదిక వ్యవస్థను తీసుకోండి. రాష్ట్రంలో కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల విషయంలో క్షేత్రస్థాయిలో తిరిగి విచారణ జరపాలని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. యంత్రం లెక్క తప్పితే పేదవాడి కంచంలో అన్నం ఎలా మాయమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ మన దగ్గర మరొకటి లేదు. అయితే ఆ వ్యవస్థను నడిపింది రాష్ట్ర ప్రభుత్వం. దానిపై వివరణ కోరవలసిన చోటు శాసనసభ. పోలీసులు వాడే ముఖ గుర్తింపు కెమెరాల సంగతీ అంతే. ఇటువంటి వాటిని ఎంపీ దగ్గరకు తీసుకెళ్తే, ఇది రాష్ట్ర పరిధిలోని అంశమన్న ఒక్క వాక్యంతో జవాబు ముగిసిపోతుంది.

ప్రశ్న: చౌకైనది, వేగమైనది

సమాచారం కావాలంటే ప్రశ్నను మించిన సాధనం లేదు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్రం లేని ప్రశ్నలు జాబితాకు ఎక్కుతాయి. మొదటి రకానికి మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. రెండో రకానికి రాతపూర్వక జవాబు వస్తుంది. వినడానికి మొదటిదే గొప్పగా ఉన్నా, అది లాటరీలో పేరు రావడం మీద, సభ సజావుగా సాగడం మీద ఆధారపడి ఉంటుంది. ప్రజా సంఘాలకు నేను సూచించేది రెండోదే. జవాబు శాశ్వతంగా రికార్డులో ఉంటుంది, అంకెలు కావాలని అడిగితే అంకెలు వస్తాయి, ఆ కాగితాన్ని రేపు కోర్టులోనూ చూపవచ్చు.

ప్రశ్నను కూర్చడంలోనే నేర్పు ఉంది. లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్న 150 పదాలకు మించకూడదు, అభిప్రాయం అడగకూడదు, కోర్టు విచారణలో ఉన్న అంశాన్ని తాకకూడదు. కృత్రిమ మేధ వల్ల ముప్పు ఉందని ప్రభుత్వం భావిస్తున్నదా అని అడిగితే, సురక్షితమైన, విశ్వసనీయమైన ఇంటర్నెట్‌కు ప్రభుత్వం కట్టుబడి ఉందన్న వాక్యం వస్తుంది. అదే 2024 మార్చి 15 నాటి సలహా పత్రాన్ని ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద జారీ చేశారు, దాన్ని పాటించనందుకు ఇప్పటివరకు ఎన్ని సంస్థలపై ఏ చర్య తీసుకున్నారు అని అడిగితే తప్పించుకోవడానికి చోటుండదు. సభల ముందుకు రాని సలహా పత్రాల మీద పార్లమెంటుకున్న బలమైన పట్టు ఈ రకమైన ప్రశ్నే.

ఒకవేళ మంత్రి "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అంటే అది వదిలేయవలసిన జవాబు కాదు. అది హామీ కిందకు వస్తుంది. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేరిందో లేదో ప్రభుత్వ హామీల కమిటీ చూస్తుంది. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కనుక, సమావేశాలు మొదలయ్యాక ఎంపీ దగ్గరకు పరుగెత్తడం వృథా. బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాల్లో దేనికైనా నెల ముందే ముసాయిదా ప్రశ్న ఆయన కార్యాలయానికి చేరాలి.

స్థాయీ సంఘం: లోతు ఎక్కువ, బలం తక్కువ

మంత్రిత్వ శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీలైన శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993లో మొదలయ్యాయి. ఇప్పుడు 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులుంటారు. మన విషయానికి సంబంధించింది కమ్యూనికేషన్లు, ఐటీ స్థాయీ సంఘం. ఇది అధికారులను పిలుస్తుంది, కంపెనీలను పిలుస్తుంది, నిపుణుల సాక్ష్యం వింటుంది. 2019 ఫిబ్రవరిలో ట్విట్టర్‌ను పిలిపించినప్పుడు మొదట సంస్థ అధిపతి రాలేదు. సంఘం పట్టుబట్టాక ప్రపంచ స్థాయి విధానాలు చూసే ఉపాధ్యక్షుడు వచ్చి హాజరయ్యారు. 2020 సెప్టెంబరులో ఫేస్‌బుక్ భారత విభాగం అధిపతి వచ్చి జవాబులిచ్చారు. సభలో ప్రశ్న మంత్రిని మాత్రమే నిలదీయగలదు. కంపెనీని ఎదురుగా కూర్చోబెట్టి అడగగలిగేది సంఘమే. ఆన్‌లైన్ భద్రతలో సగం నిర్ణయాలు కంపెనీల చేతుల్లో ఉన్నాయి కాబట్టి ఈ తేడా చాలా పెద్దది.

బలహీనతలను కూడా దాచకూడదు. సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టిపడేయవు. వాటిపై ఏం చేశారో మూడు నెలల్లో చెప్పాలి తప్ప, చేసి తీరాలని లేదు. సమావేశాలు మూసిన తలుపుల వెనుక జరుగుతాయి. పార్టీల పంతాలు లోపలికీ వస్తాయి. 2021 జూలైలో, ఫోన్లలోకి చొరబడే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ మీద వివాదం నడుస్తున్న రోజుల్లో, పౌరుల సమాచార భద్రతపై జరగవలసిన సమావేశం అధికార పక్ష సభ్యులు హాజరు పట్టికలో సంతకం చేయకపోవడంతో కోరం లేక ఆగిపోయింది.

సంఘం పరిశీలన ఎప్పుడూ పౌరుడి వైపే ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. నకిలీ వార్తల కట్టడిపై ఈ సంఘం 2025లో ఇచ్చిన నివేదిక, కృత్రిమ మేధతో తయారైన సమాచారానికి లేబుల్ వేయించడంతో పాటు, దాన్ని తయారు చేసేవారికి లైసెన్సు పెట్టే అవకాశాన్ని పరిశీలించాలని సూచించింది. లేబుల్ మాట నాకు సమంజసంగానే అనిపిస్తుంది. లైసెన్సు మాట భయం కలిగిస్తుంది. ఊళ్లో కూర్చుని తెలుగులో వ్యంగ్య వీడియో చేసుకునే కుర్రాడికి కూడా ప్రభుత్వ అనుమతి కావాలా అన్న ప్రశ్నను సంఘం ముందుకు ఎవరైనా తీసుకెళ్లి ఉండాలి. పరిశీలనకు ఎంచుకున్న అంశాలపై సంఘాలు తరచుగా పత్రికా ప్రకటనల ద్వారా ప్రజల నుంచి రాతపూర్వక అభిప్రాయాలు కోరతాయి. ఆ గడువును వదులుకోకూడదు.

ఇదే కోవలో ఒక ప్రత్యేక మార్గం ఉంది. దాని విజయం ఆశ్చర్యకరమైనది. సామాజిక మాధ్యమాల్లో అశ్లీలత, పిల్లలపై దాని ప్రభావం గురించి సభ్యులు ఆందోళన వ్యక్తం చేయగా, 2019 డిసెంబరులో అప్పటి రాజ్యసభ అధ్యక్షుడు ఎం. వెంకయ్యనాయుడు జైరాం రమేశ్ నాయకత్వంలో 14 మంది సభ్యులతో తాత్కాలిక సంఘాన్ని వేశారు. రెండు నెలలు తిరగకముందే, 2020 ఫిబ్రవరి 3న, 40 సిఫార్సుల నివేదిక సభ ముందుకు వచ్చింది. ప్రతిపక్ష సభ్యుడి సారథ్యంలో అన్ని పార్టీలవారు కలిసి చేసిన పని అది. 2021 నిబంధనలను ప్రకటించినప్పుడు ప్రభుత్వం ఆ నివేదికను పేరు పెట్టి ప్రస్తావించింది. సందేశాన్ని మొదట పంపిందెవరో గుర్తించే వీలుండాలన్న సిఫార్సు నిబంధనల్లోకి వచ్చింది. ఆ ఒక్క నిబంధన వ్యక్తిగత గోప్యతకు భంగమంటూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, కనుక ఆ సంఘం చెప్పినదంతా సరైనదేనని నేను అనను. కానీ ఒకే అంశం, చిన్న సంఘం, దగ్గరి గడువు అనే మూడూ కలిస్తే పని జరుగుతుందని అది చూపించింది. ఇలాంటి సంఘాన్ని కోరడం పౌరుల చేతిలో లేదు. సభాపతిని కోరమని ఎంపీని అడగడం మాత్రం చేతిలో ఉంది.

నిబంధనల మార్గం: ఎవరూ తట్టని తలుపు

ఈ వ్యాసంలో నేను ఎక్కువ సేపు ఆగవలసింది ఇక్కడే. ఐటీ చట్టం 87వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం చేసిన ప్రతి నిబంధననూ వీలైనంత త్వరగా ఉభయ సభల ముందు ఉంచాలి. అది మొత్తం 30 రోజుల సభాకాలం అక్కడ ఉంటుంది. ఆ కాలం ఒకే సమావేశంలో పూర్తికావచ్చు, వరుస సమావేశాల్లోకి సాగవచ్చు. ఆ వెంటనే వచ్చే సమావేశం ముగిసేలోపు ఉభయ సభలూ అంగీకరిస్తే నిబంధనను మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. అంటే మన ఫోన్లలో ఏది ఉండాలో, ఏది ఎన్ని గంటల్లో తీసేయాలో నిర్ణయించే ప్రతి గెజిట్ ప్రకటన మీదా పార్లమెంటుకు చివరి మాట చెప్పే హక్కు ఉంది. ఆ హక్కును వాడడమే అరుదు.

వాడిన సందర్భం ఒకటి గుర్తుపెట్టుకోదగ్గది. 2011 నిబంధనల్లో "అభ్యంతరకరమైన", "కించపరిచే" వంటి అస్పష్టమైన మాటలున్నాయని, ఎవరి ఫిర్యాదు మీదైనా ఏ రాతనైనా తొలగించే ప్రమాదముందని వాదిస్తూ కేరళకు చెందిన సీపీఎం సభ్యుడు పి. రాజీవ్ 2012 మే నెలలో రాజ్యసభలో రద్దు తీర్మానం పెట్టారు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు అరుణ్ జైట్లీ కూడా చర్చలో పాల్గొని నిబంధనల లోపాలను ఎత్తిచూపారు. తీర్మానం నెగ్గలేదు. అయినా మంత్రి కపిల్ సిబల్ సభ్యులతో, సంబంధిత వర్గాలతో సంప్రదింపులు జరుపుతానని సభకు మాటిచ్చారు. ఆ మరుసటి ఏడాది మార్చిలో లోక్‌సభ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ, అంటే ప్రభుత్వం చేసే నిబంధనలు మాతృచట్టం హద్దు దాటాయేమో చూసే కమిటీ, అవే నిబంధనల మీద ప్రత్యేక నివేదిక ఇచ్చి, అస్పష్టతలను తొలగించాలని సూచించింది. ఓడిపోయిన తీర్మానం కూడా అంత దూరం తీసుకెళ్లగలిగింది.

ఈ మార్గంలో రెండు పద్ధతులున్నాయి. తీర్మానానికి రాజకీయ బలం కావాలి. ప్రభుత్వానికి మెజారిటీ ఉన్న సభలో అది నెగ్గదు, కానీ మంత్రిని సభలో కూర్చోబెట్టి గంటల తరబడి వినిపిస్తుంది. సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీకి చప్పుడు తక్కువ, రాజకీయం తక్కువ, ఓర్పు ఎక్కువ కావాలి. దాని ముందు విధానం మంచిదా చెడ్డదా అని వాదించకూడదు. ఈ నిబంధన చట్టం ఇచ్చిన అధికారాన్ని దాటిందని, లేదా దాని మాటలు రెండు అర్థాలకు తావిస్తున్నాయని చూపాలి. డీప్‌ఫేక్ లేబుల్ నిబంధనల వంటి సాంకేతిక విషయాలకు ఇది చక్కగా సరిపోతుంది. 2025 అక్టోబరు ముసాయిదా లేబుల్ దృశ్యంలో కనీసం 10 శాతం స్థలం ఆక్రమించాలంది. ఎడిటింగ్ చేసిన ప్రతి ఫొటో కృత్రిమ దృశ్యమవుతుందా, చూపు లేనివారికి ఆ లేబుల్ ఎలా తెలుస్తుంది వంటి ప్రశ్నలు ప్రసంగంలో కంటే కమిటీ గదిలోనే బాగా తేలుతాయి.

2023 ఏప్రిల్ సవరణలో కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలకు సంబంధించిన సమాచారం అబద్ధమో కాదో తేల్చే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ ఏర్పాటుకు వీలు కల్పించారు. ఆ సవరణ రాజ్యాంగ విరుద్ధమని 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. పార్లమెంటు చూడవలసిన పనిని చివరికి కోర్టు చూడవలసి వచ్చింది. దానికి ఏడాదిన్నర పట్టింది.

బిల్లు వచ్చినప్పుడు: సంయుక్త సంఘం

బిల్లు సభలోకి వస్తే సంయుక్త పార్లమెంటరీ సంఘానికి, లేదా స్థాయీ సంఘానికి పంపమని కోరవచ్చు. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లును 30 మంది సభ్యుల సంయుక్త సంఘం రెండేళ్లు పరిశీలించి, 2021 డిసెంబరు 16న 81 సవరణలతో నివేదిక ఇచ్చింది. అసమ్మతి పత్రాలు కూడా వచ్చాయి. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లునే ఉపసంహరించుకుంది. 2023 ఆగస్టు 3న కొత్త బిల్లు వచ్చింది, ఏ సంఘానికీ వెళ్లకుండా 7న లోక్‌సభ, 9న రాజ్యసభ ఆమోదించాయి. రెండేళ్ల పరిశీలన మొదటి బిల్లుకు, వారం రోజులు రెండో బిల్లుకు దక్కాయి. చట్టమైంది మాత్రం రెండోది.

2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు ఇంకా త్వరగా నడిచింది. 20న లోక్‌సభలో ప్రవేశపెట్టి అదే రోజు ఆమోదించారు, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఆ నిషేధాల వల్ల జరిగిన మేలు, మిగిలిపోయిన దొడ్డిదారులు ఏమిటో మన రాష్ట్రాల పోలీసులకు, కుటుంబాలకు తెలుసు. ఒక సంఘం వారం రోజులు కూర్చుని ఉంటే వారి సాక్ష్యం రికార్డుకెక్కేది. ఆ చట్టం ఉద్దేశాన్ని నేను సమర్థిస్తాను, అందుకే ఈ వెలితి మరింత బాధపెడుతుంది. పార్లమెంటు పనితీరును అధ్యయనం చేసే పీఆర్ఎస్ సంస్థ లెక్క ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు సంఘాలకు వెళ్తే, 17వ లోక్‌సభలో 16 శాతం మాత్రమే వెళ్లాయి. కాబట్టి సంయుక్త సంఘం వస్తుందన్న ఆశతో మిగతా మార్గాలను ఆపుకోవడం తెలివైన పని కాదు.

ప్రైవేటు బిల్లు, పిటిషన్

మంత్రి కాని సభ్యుడు తెచ్చే ప్రైవేటు బిల్లు చట్టమవుతుందని ఆశించకూడదు. స్వాతంత్ర్యం తర్వాత అలా చట్టాలైనవి 14, చివరిది 1970లో. దాని విలువ వేరే చోట ఉంది. కోరికకు అది చట్టం భాష ఇస్తుంది. 16 ఏళ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల ఖాతాలు ఉండకూడదంటూ నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు 2026 ఆరంభంలో ప్రతిపాదించిన బిల్లు అలాంటిదే. వయసును ఎలా నిర్ధారిస్తారు, బాధ్యత తల్లిదండ్రులదా సంస్థదా అన్న ప్రశ్నలకు బిల్లులో రాసి చూపక తప్పదు, చర్చ అక్కడి నుంచి గట్టిపడుతుంది.

పిటిషన్ పౌరుడు స్వయంగా సంతకం చేసే ఏకైక సాధనం. తెలుగులో రాయవచ్చు, హిందీ లేదా ఇంగ్లిషు అనువాదం జత చేయాలి. సభలో దాన్ని సమర్పించడానికి సభ్యుడి తోడు కావాలి. నెమ్మదిగా నడుస్తుంది, కాని పిటిషన్ల కమిటీ మంత్రిత్వ శాఖ వివరణ కోరగలదు. పిల్లల భద్రత వంటి, పార్టీలకు అతీతమైన అంశాలకు సరిపోతుంది.

ఇతర దేశాల పోలిక ఎందుకు

మన ఎంపీలకు సూచన ఇచ్చేటప్పుడు బయటి అనుభవం బాగా పనికొస్తుంది, అయితే ఏది పోల్చదగిందో చూసుకోవాలి. బ్రిటన్ తన ఆన్‌లైన్ భద్రతా చట్టాన్ని ముసాయిదా దశలోనే 2021లో ఉభయ సభల సంయుక్త సంఘానికి ఇచ్చింది. డేమియన్ కాలిన్స్ అధ్యక్షతన ఆ సంఘం ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ సాక్ష్యాన్ని బహిరంగంగా విన్నది, డిసెంబరులో నివేదిక ఇచ్చింది. బిల్లు ఆ తర్వాతే, 2022 మార్చిలో, సభలోకి వచ్చింది. 2023 అక్టోబరు 26న చట్టమైంది. సాక్ష్యాలు ప్రసారమవుతాయి, రాతపూర్వక అభిప్రాయాలు ప్రచురితమవుతాయి, అక్కడున్న తెలుగువారు కూడా పంపవచ్చు. చట్టం వచ్చాక కూడా పరిశీలన ఆగలేదు. 2024 వేసవి అల్లర్లకు ఆజ్యం పోసిన తప్పుడు ప్రచారాన్ని ఈ చట్టం పూర్తిగా అమల్లో ఉన్నా పెద్దగా ఆపగలిగేది కాదని అక్కడి దిగువ సభ అయిన కామన్స్ సభ సైన్స్, ఇన్నోవేషన్, సాంకేతిక సంఘం 2025 జూలైలో తేల్చింది. ముసాయిదా దశలోనే సంఘం, అమలు తర్వాత మళ్లీ సంఘం అన్న ఈ పద్ధతి మనకు అత్యంత అవసరమైన అరువు అని నేను భావిస్తాను.

ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం 2021 ఏప్రిల్ ప్రతిపాదన నుంచి 2024 మార్చి 13 నాటి పార్లమెంటు ఓటింగు వరకు మూడేళ్లు తీసుకుంది. మధ్యలో చాట్‌జీపీటీ వచ్చింది. తొందరపడి ముగించి ఉంటే ఆ రకం నమూనాల ప్రస్తావన చట్టంలో ఉండేది కాదు. నిదానానికి ఉన్న విలువకు ఇది మంచి సాక్ష్యం. అయితే తుది బేరసారాలు అక్కడా మూసిన తలుపుల వెనుకే జరిగాయి. ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాలను నిషేధించే బిల్లును 2024 నవంబరు 21న ప్రవేశపెట్టి, అభిప్రాయాలకు ఒక్క రోజు గడువిచ్చింది. ఆ ఒక్క రోజులోనే సుమారు 15,000 వచ్చాయి. నెలాఖరుకే బిల్లు నెగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అటువంటి నిషేధం గురించి ఆలోచన సాగుతున్నందున, ఆస్ట్రేలియా చట్టాన్ని మాత్రమే ఉదహరించి దాని పరిశీలన ఎంత హడావిడిగా జరిగిందో చెప్పకపోవడం సరికాదు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

మీకు కావలసింది అంకెలు, ఆధారం, జవాబుదారీ అయితే నక్షత్రం లేని ప్రశ్నతో మొదలుపెట్టండి. సలహా పత్రాలు, మార్గదర్శకాల విషయంలో దాదాపు ఎప్పుడూ ఇదే మొదటి అడుగు. ప్రశ్నకు వచ్చిన జవాబు తర్వాతి మెట్టుకు ముడిసరుకు అవుతుంది. కంపెనీ ప్రవర్తన మీ ఫిర్యాదు అయితే, ఉదాహరణకు తెలుగులో వచ్చిన ఫిర్యాదులను చూసే మనుషులు ఎందరున్నారో ఏ వేదికా చెప్పడం లేదనుకుంటే, స్థాయీ సంఘానికి రాయండి, ఆ సంఘంలో మీ రాష్ట్రం నుంచి ఎవరున్నారో కనుక్కుని వారిని కలవండి. ఏడాదికోసారి సంఘం కూర్పు మారుతుందని మరవకండి.

కొత్తగా గెజిట్‌లో వచ్చిన నిబంధన మీద అభ్యంతరం ఉంటే, ఇంకేదీ ఆలోచించకుండా నిబంధనల మార్గమే పట్టండి. పెద్ద పార్టీ అండ దొరికితే తీర్మానం, దొరకకపోతే సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ. రెండూ ఒకేసారి చేయడానికి అడ్డేమీ లేదు. బిల్లు వస్తున్న సూచన ఉంటే, సంఘానికి పంపమన్న కోరికను బిల్లు ప్రవేశించక ముందే ఎంపీలకు చేర్చండి. గేమింగ్ బిల్లు అనుభవాన్ని బట్టి, ప్రవేశించాక ఒక రోజు కూడా దొరకకపోవచ్చు. పిల్లల భద్రత వంటి, ఏ పార్టీ కాదనలేని అంశానికి పిటిషన్‌తో పాటు 2019 తరహా తాత్కాలిక సంఘాన్ని కోరడం నాకు అన్నిటికంటే ఆశాజనకంగా కనిపిస్తుంది.

ఏది ఎంచుకున్నా కాగితం రెండు పేజీలు మించనివ్వకండి. మొదటి పేజీలో నిబంధన సంఖ్య, అందులో అభ్యంతరమున్న మాటలు, వాటి బదులు ఉండవలసిన మాటలు రాయండి. బాధితుల పేర్లు, ఫొటోలు ఎన్నడూ జత చేయకండి. అనుభవాన్ని పేరు లేకుండా చెప్పవచ్చు. నిబంధన మీద రాస్తుంటే, గెజిట్‌లో వచ్చిన తేదీ, సభ ముందు ఉంచిన తేదీ, ఆ తర్వాతి సమావేశం ముగిసే తేదీ, ఈ మూడింటినీ కాగితం పైభాగాన పెద్ద అక్షరాలతో రాసి ఎంపీ చేతికివ్వండి.